సమానంగా చెడిపోయిన జత

జూన్ 3, మంగళవారం

పెద్దమ్మా, నేను. పిల్లిని.

ఎలా ఉన్నావు. కుక్కర్ మూతల ఫ్యాక్టరీ ఎలా ఉంది. ఇక్కడ అమ్మ బాగుంది. అమ్మ కుట్టు మిషను బాగుంది. నేనూ బాగానే ఉన్నా.

ఫోన్ చెయ్యకుండా మెసేజ్ ఏంట్రా అని తిట్టకు. ఫోన్లో నువ్వు "ఊఁ, చెప్పు" అంటావు. అప్పుడు నాకు చెప్పాల్సింది గుర్తురాదు. ఇదైతే కొట్టుకోవచ్చు, చెరుపుకోవచ్చు, మళ్ళీ కొట్టుకోవచ్చు.

సంగతేంటంటే నా ఆంప్ పోయింది. అదే, గిటార్ వైరు గుచ్చితే శబ్దం పెద్దగా చేసే పెట్టె. మా టైర్ల కొట్టు ఓనరు గోడౌన్లో పాత టైర్ల వెనక పడుంటే తీసుకుపొమ్మన్నాడే, అది. దాని వెనకాల రెండు గాజు ట్యూబులు ఉంటాయి, వేలంత పొడుగు, నారింజ రంగులో వెలుగుతాయి. మొన్న ఒకదాని లోపలి రేకు కొలిమిలో పెట్టిన ఇనప కడ్డీలా ఎర్రగా అయిపోయింది. తర్వాత టప్ మంది. ఇప్పుడు గిటార్ వాయిస్తే గోడ అవతల ఎవరో దగ్గుతున్నట్టు వస్తోంది.

"మీ పెద్దమ్మ ఇరవై రెండేళ్ళు అవే పరీక్ష చేసింది, దాన్ని అడగరా" అంది అమ్మ. నిజమా? నువ్వు రేడియోల ఫ్యాక్టరీలో చేశావనుకున్నా ఇన్నాళ్ళూ.

ఎందుకింత కంగారంటే, ఈ నెల 28 సాయంత్రం బస్ డిపో క్యాంటీన్లో మేం వాయిస్తున్నాం. డిపో పెట్టి ముప్ఫై ఏళ్ళయిందట. మూడు పాటలు. జనం ముందు ఇదే మొదటిసారి. డ్రమ్ములు బ్రెడ్డు కొడతాడు, వాడు పొద్దున్నే ఇళ్ళకి బ్రెడ్డు వేస్తాడు. పాడేది హాస్పిటల్లో లిఫ్టు నడిపే అమ్మాయి, అందరం లిఫ్టు అనే పిలుస్తాం. ఆంప్ బాగవకపోతే నా బదులు డిపోలో టికెట్ల గుమాస్తాని పెట్టుకుంటానంది లిఫ్టు. వాడికి గిటార్ ఉంది, కొత్త ఆంప్ ఉంది, నోరు కూడా ఉంది. కోపంగా అనలేదు పెద్దమ్మా, మామూలుగానే అంది. అందుకే భయంగా ఉంది.

ఏ ట్యూబులు కొనాలి?

ఓనరు కేకేస్తున్నాడు, లారీ టైరు వచ్చింది. ఉంటా.

జూన్ 4, బుధవారం

ఒరేయ్ పిల్లీ,

ఎదురుగా కూర్చోబెట్టి అన్నం తిన్నావా అని అడిగితే తలూపడానికే పావుగంట తీసుకుంటావు. మెసేజ్ మాత్రం చీరంత పొడుగు. సంతోషం. నీకు మాటలు వచ్చని తెలిసింది.

రేడియోల ఫ్యాక్టరీ కాదురా, రేడియోల ప్రాణం తయారుచేసే ఫ్యాక్టరీ. మీరు ట్యూబులంటున్నవాటిని మేం వాల్వులనేవాళ్ళం. రోజుకి నాలుగు వందలు నా చేతిమీదుగా వెళ్ళేవి. నేను పాస్ చేసిన వాల్వు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, వెనక్కి తిరిగి రాలేదు. ఇప్పుడు కుక్కర్ మూతలు పరీక్షిస్తున్నాను. అవీ రావు.

విను. ముందు ప్లగ్గు పీకు. పీకాక కూడా అరగంట దాని జోలికి వెళ్ళకు, ముట్టుకుంటే వేళ్ళు కాల్తాయి. చల్లారాక మెత్తటి గుడ్డతో పట్టుకుని నిటారుగా పైకి లాగు. గాజు మీద నంబరు ఉంటుంది, చూడు. అడుగున పొడుచుకొచ్చిన సన్నటి ముళ్ళు లెక్కపెట్టు. పెట్టె అడుగు చెక్క మాత్రం విప్పావో, అక్కడికొచ్చి తంతాను. ప్లగ్గు పీకేసినా దాని కడుపులో కరెంటు దాక్కుని ఉంటుంది.

ఇంకోటి. రేకు ఎర్రబడటం ఊరికే జరగదు. ఆ పెట్టె మీద ఎవరు ఏం పెడుతున్నారో నిజం చెప్పు.

నీ పెద్దమ్మ
(టెస్టింగ్ సెక్షన్, రెండో బెంచీ)

జూన్ 5, గురువారం

పెద్దమ్మా,

నంబరు ఈఎల్ 84. ముళ్ళు తొమ్మిది. మూడుసార్లు లెక్కపెట్టా.

పెట్టె మీద అమ్మ తడి తువ్వాళ్ళు ఆరేస్తోంది. వెనకాల గాలి కన్నాల మీదుగా వేస్తే గంటలో ఆరిపోతాయట. "వెచ్చగా ఉంటుంది కదా, ఉన్న వేడిని వాడుకుంటే తప్పా" అంటోంది. నేను చెప్పానని చెప్పకు.

ఒక ట్యూబు ఇంకా బాగానే ఉంది. పోయినదొక్కటే కొంటే చాలదా?

పిల్లి

జూన్ 6, శుక్రవారం

ఒరేయ్ నాన్నా,

మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పాల్సినంతా చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. "పెట్టె మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నావని నాకు కలొచ్చిందే" అన్నాను. నమ్మింది. చిన్నప్పట్నుంచీ అంతే అది.

ఒకటి కొంటే చాలదు. ఆ రెండూ బరువు మోసే కూలీల్లాంటివి. చెరో కొసా పట్టుకుని ఒకే పెట్టె ఎత్తుతాయి. ఒకడు కుర్రాడు, ఒకడు ముసలాడు అయితే బరువంతా ఒకడి మీదే పడి వాడూ పోతాడు. కాబట్టి జత కొను. సమానమైన జత. కొట్టువాడి దగ్గర పరీక్ష మిషను ఉంటుంది, దాంట్లో పెట్టి చూపించమను. మా లెక్కలో ఒకటి నుంచి పది దాకా నంబర్లు. నాలుగు కంటే తక్కువ వస్తే చెత్త. నీకు తొమ్మిదీ తొమ్మిదీ కావాలి. ఎంత గట్టిగా వాయించినా గొంతు చీరుకోకుండా నీళ్ళలా స్వచ్ఛంగా పాడాలి. నీ ఆంప్ తనంతట తనే సర్దుకునే రకం, వేశాక తిప్పాల్సిన స్క్రూలేవీ ఉండవు. నీ అదృష్టం.

కొట్టువాడితో నోరు విప్పి మాట్లాడు. వాడు మనిషే.

పెద్దమ్మ

జూన్ 8, ఆదివారం

పెద్దమ్మా,

వెళ్ళా. మార్కెట్ వెనక సందులో, మెట్లెక్కితే రెండో అంతస్తు. గోడ నిండా డబ్బాలు. కొట్టాయన చాలా మాట్లాడతాడు. నేను "ఈఎల్..." అనేలోపే "అర్థమైంది తమ్ముడూ" అన్నాడు. అర్థమైందన్నాక మళ్ళీ చెప్తే బాగోదు కదా. రెండు తెచ్చి చేతిలో పెట్టాడు. ఒక్కొక్కటి నా పిడికిలంత ఉంది. పెద్దవనిపించింది. ఆయన "మహరాజులా మోగుతాయి" అన్నాడు. సరేనని తెచ్చేశా.

ఇంటికొచ్చి చూస్తే ముళ్ళు ఎనిమిదే. లావుగా ఉన్నాయి. కన్నంలోకి వెళ్ళవు. డబ్బా మీద ఈఎల్ 34 అని ఉంది. కొంచెం గట్టిగా నొక్కితే వెళ్తాయేమో?

పిల్లి

జూన్ 8, ఆదివారం, ఇంకో గంటకి

నొక్కకు!

చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదురా. అవి వేరే జాతి, వేరే పెట్టెలకి. రేపే వెనక్కిచ్చెయ్. "ఇవి కాదండీ, ఈఎల్ 84" అను. అంతే. మూడు మాటలు. అద్దం ముందు నిలబడి పదిసార్లు అనుకుని వెళ్ళు.

మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో సామెత ఉంది. అది నీకు పెళ్ళయ్యాక చెప్తాను.

పెద్దమ్మ

జూన్ 11, బుధవారం

పెద్దమ్మా,

అద్దం ముందు అనుకునే వెళ్ళా. ఆయన్ని చూడగానే "ఇవి కాదండీ" వరకు వచ్చింది. మిగతాది రాలేదు. అప్పటికే ఆయన "చిన్నవి కావాలా, చెప్పొద్దూ!" అని ఇంకో రెండు ఇచ్చేశాడు. నా చిటికెన వేలంత ఉన్నాయి. కానీ ముళ్ళు తొమ్మిదే! కన్నంలో చక్కగా కూర్చున్నాయి. అసలు నొక్కనే లేదు. మీద 12ఏఎక్స్ 7 అని ఉంది. పేరు మారినా ముళ్ళు సరిపోయాయి కదా అని అడుగుతున్నా. సాయంత్రం కొట్టు నుంచి వచ్చాక ఆన్ చేస్తా.

పిల్లి

జూన్ 11, బుధవారం, మధ్యాహ్నం భోజనం మానేసి

ఆన్ చెయ్యకు. ఆన్ చెయ్యకు. ఆన్ చెయ్యకు.

మీ అమ్మకి ఫోన్ చేసి ప్లగ్గు పీకి కుట్టు మిషను సొరుగులో పెట్టి తాళం వెయ్యమన్నాను. వైరు దానికే ఉంటుందే అంటోంది. అయితే పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోమన్నాను.

ఒరేయ్, చెప్పు కాలికి పట్టినంత మాత్రాన నీది అయిపోదు. నువ్వు తెచ్చినవి గుసగుసని మాటగా చేసే వాల్వులు. నీకు కావాల్సింది మాటని కేకగా చేసేవి. వాటి చోట వీటిని కూర్చోబెడితే నీ పెట్టె పోతుంది, వాల్వులూ పోతాయి.

ఇక నోటితో పని లేదు. ఒక కాగితం తీసుకో. పెద్ద అక్షరాలతో ఇలా రాయి: "ఈఎల్ 84, జత, మిషను మీద తొమ్మిదీ తొమ్మిదీ. వేరేవి ఇస్తే మా పెద్దమ్మ వస్తుంది." కాగితం చూపించి నేల చూపులు చూస్తూ నిలబడు. అది నీకు బాగా వచ్చు.

పెద్దమ్మ

జూన్ 14, శనివారం

పెద్దమ్మా,

కొట్టాయన కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత లోపలికెళ్ళి మిషను తుడిచి, ఆరు ట్యూబులు ఒక్కొక్కటే పెట్టి చూశాడు. తొమ్మిదీ తొమ్మిదీ దొరికాయి. "మీ పెద్దమ్మ ఏం చేస్తారు" అన్నాడు. "మూతలు" అన్నా.

నువ్వు చెప్పినట్టే పెట్టా. గుడ్డతో పట్టుకుని, నిటారుగా. ఆన్ చేసి పావుగంట చూశా. రేకు ఎర్రబడలేదు. శబ్దం వచ్చింది. చాలా శుభ్రంగా ఉంది పెద్దమ్మా. బాగుంది.

థాంక్స్. అమ్మ కూడా చెప్పమంది. తువ్వాళ్ళు ఇప్పుడు కిటికీకి వేస్తోంది.

పిల్లి

జూన్ 15, ఆదివారం

నా బంగారు కొండా,

నీ మెసేజ్ మా మూతల సెక్షన్లో అందరికీ చదివి వినిపించాను. "శుభ్రంగా ఉంది" అన్నదాన్ని రెండుసార్లు చదివాను. వాల్వుల ఫ్యాక్టరీ మూసేసి ఇన్నేళ్ళయినా నా లెక్క తప్పలేదు. ఇక్కడి పిల్లలకి వాల్వంటే ఏంటో తెలీదు పాపం. సైకిల్ ట్యూబుకి ఉండేదా అని అడుగుతున్నారు.

ఒక జాగ్రత్త. వాయించేటప్పుడు చెవి పెట్టి విను. ఎక్కడన్నా గరగర, గుర్రు, బొంగురు ఏ కాస్త వినిపించినా నాకు చెప్పు. కొట్టువాడి పని పడతాను.

సంతోషంతో, పెద్దమ్మ

జూన్ 18, బుధవారం

పెద్దమ్మా,

గరగర ఏం లేదు. అసలు లేదు. ఎంత పెంచినా రావట్లేదు.

నిన్న ముగ్గురం కలిసి వాయించాం. లిఫ్టు అంది, బస్టాండులో అనౌన్స్‌మెంట్ లాగా ఉందని. బ్రెడ్డు అన్నాడు, స్టీలు గ్లాసులు కడుగుతున్నట్టుందని.

ఊరికే చెప్తున్నా.

పిల్లి

జూన్ 19, గురువారం

పిల్లీ,

చూశావా! బస్టాండు అనౌన్స్‌మెంటంత స్పష్టంగా ఉండటమంటే మాటలా? అంత రొదలో ఒక్క అక్షరం పోకూడదు. మా సూపర్‌వైజరు నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్కసారి ఆ మాటే అన్నాడు. ఇక స్టీలు గ్లాసంటే ఖణేల్‌మనడం. ఆ బ్రెడ్డబ్బాయికి మంచి చెవి ఉంది.

ఇంత బాగుంటే నేను వినకపోతే ఎలా? ఇరవై ఎనిమిదికి సెలవు పెట్టేశాను. పొద్దున బస్సుకి వస్తున్నాను. ముందు వరసలో కుర్చీ ఉంచమను.

పెద్దమ్మ

జూన్ 20, శుక్రవారం

పెద్దమ్మా,

ఇది నిన్న రాత్రి నుంచి కొడుతున్నా. పదిసార్లు చెరిపేశా. తిట్టినా పర్లేదు, చదువు.

ట్యూబులు బాగున్నాయి. కానీ నాకు బాగాలేవు. బాగుందని అబద్ధం చెప్పా. నువ్వు అంత కష్టపడి చెప్పావు, బాలేదని ఎలా అనేది.

పాత ట్యూబులు ఉన్నప్పుడు మెల్లగా వాయిస్తే మామూలుగా ఉండేది. గట్టిగా మీటితే గొంతు బొంగురుపోయేది. ఇంకా గట్టిగా మీటితే గుర్రుమనేది. కుక్క కరవడానికి ముందు అంటుందే, అలాగ. మా మూడు పాటలూ ఆ గుర్రు మీదే కట్టుకున్నాం. ఇప్పుడు ఎంత గట్టిగా మీటినా తెల్లచొక్కా ఇస్త్రీ చేసినట్టు వస్తోంది. అవే వేళ్ళు, అదే గిటార్. కానీ అది నేను కాదు.

లిఫ్టు ఇవాళ చెప్పేసింది. బుధవారం లోపు పాత శబ్దం రాకపోతే గుమాస్తాకి కబురు పెడతానని. వాడి ఆంప్‌లో గుర్రు ఒక బటన్ అంట. నొక్కితే వచ్చేస్తుందట.

కొట్టాయన్ని అడిగా. అవును, నోటితోనే అడిగా. "తక్కువ నంబరు ట్యూబులైతే తొందరగా బొంగురుపోతాయి తమ్ముడూ, కానీ అలాంటివి మాకు రావు, ఫ్యాక్టరీలోనే పారేస్తారు" అన్నాడు.

అంటే నువ్వే పారేసేదానివి కదా పెద్దమ్మా. నాకు కావాల్సింది నువ్వు ఫెయిల్ చేసిన ట్యూబులు.

పాత ట్యూబులు పోకముందు ఫోన్లో రికార్డు చేసింది పంపిస్తున్నా. ఒక్కసారి విను.

సారీ.

జూన్ 22, ఆదివారం

పెద్దమ్మా,

రెండు నీలం టిక్కులు పడ్డాయి. చదివావని తెలుసు.

అమ్మ అడిగితే చెప్పా. "ఇరవై రెండేళ్ళు వంట చేసినావిడతో మాడిందే బాగుంటుందన్నావా" అని నెత్తి కొట్టుకుంది. నేను అలా అనలేదు. అన్నానా?

పోనీ ఆ గుమాస్తానే వాయించనీ. నువ్వు మాట్లాడు చాలు.

పిల్లి

జూన్ 24, మంగళవారం

ఒరేయ్,

రెండు రోజులు అన్నం సహించలేదు. ఇది ముందు చెప్పాలి, ఎందుకంటే నీకు తెలియాలి.

నేను పనిలో చేరిన మొదటి వారం మా సూపర్‌వైజరు నా ముందు ఒక వాల్వు పెట్టి, "ఇది గుర్రుమంటే మన ఉద్యోగాలు పోయాయనే లెక్క" అన్నాడు. ఆ గుర్రు వినబడితే చాలు, ఇప్పటికీ లేచి నిలబడతాను. అలాంటిది నువ్వు రికార్డు చేసి పంపించావు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పెట్టాను. నా ఫోన్ పాడయిందనుకున్నాను. పక్కమ్మాయి ఫోన్లో పెట్టాను. దానిదీ పాడయిందనుకున్నాను. ఇంతలో చూస్తే ఆ పక్కమ్మాయి కాలు బల్ల కింద తాళం వేస్తోంది. "ఇంకోసారి పెట్టండి ఆంటీ" అంటుంది! మూతలకి రబ్బరు వేసే ముసలాయన తలూపుతున్నాడు. ఆయన గత ఏడేళ్ళలో దేనికీ తలూపలేదు.

నేను మాత్రం నచ్చిందని అనను. కానీ నాలుగోసారి విన్నప్పుడు ఒకటి గమనించాను. నువ్వు మెల్లగా మీటినప్పుడు అది బుద్ధిగా ఉంది. గట్టిగా మీటినప్పుడే తిరగబడింది. చెడిపోయిన వాల్వు అలా చెప్పిన మాట వినదు. అది ఎప్పుడూ గుర్రుమంటూనే ఉంటుంది. అంటే అక్కడ గుర్రుమంటున్నది వాల్వు కాదు, నువ్వు. మన ఇంట్లో ఎవరికీ నీ గొంతు తెలీదు కదరా, మాకెలా తెలుస్తుంది?

సరే. ఫెయిల్ చేసినవి ఇంటికి పట్టుకెళ్ళొచ్చనేవాళ్ళు మమ్మల్ని. అందరం తెచ్చుకునేవాళ్ళం. చిరిగిన మేజోళ్ళు కుట్టేటప్పుడు మడమలో పెట్టుకుంటే నున్నగా నిలబడుతుందని. నా ట్రంకు పెట్టెలో పదకొండు ఉన్నాయి. ఒక్కోదాని అడుగున నేను వేసిన నంబరు ఉంది. అన్నీ ఒకటి, రెండు, మూడు.

కష్టం ఎక్కడొచ్చిందో తెలుసా? మంచివి జత దొరకడం తేలిక, మంచివన్నీ ఒకేలా ఉంటాయి. చెడ్డవి దేని దారి దానిదే. నిన్న సాయంత్రమంతా నేల మీద పరుచుకుని కూర్చున్నాను. ఈఎల్ 84లు ఐదు. అందులో ఒకటి పగిలింది. ఇంకోటి ఒకటో నంబరు, దాన్ని నా శత్రువుకి కూడా ఇవ్వను. మిగతావి రెండు, రెండు, మూడు. రెండూ రెండూ ఒకే వారం ఫెయిల్ చేసినవి. సమానంగా చెడిపోయిన జత. ఇరవై రెండేళ్ళలో నేనెప్పుడూ వెతకనిది అదొక్కటే.

పోస్టులో పంపను, పగులుతాయి. మేజోళ్ళలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. ఆ లిఫ్టమ్మాయికి చెప్పు, శనివారం దాకా ఆ గుమాస్తాకి కబురు పెట్టడానికి వీల్లేదని. నువ్వే చెప్పు. కాగితం చూపించకు.

పెద్దమ్మ

జూన్ 25, బుధవారం

పెద్దమ్మా,

చెప్పా. హాస్పిటల్‌కి వెళ్ళి లిఫ్టు ఎక్కా. పైకీ కిందకీ నాలుగుసార్లు తిరిగాక చెప్పా. మధ్యలో ఒక డాక్టరుగారు "ఏ ఫ్లోరు బాబూ" అని రెండుసార్లు అడిగారు.

శనివారం దాకా ఆగుతానంది. కానీ గుమాస్తాని కూడా ఆంప్ తెచ్చుకుని కూర్చోమంటానంది, ఎందుకైనా మంచిదని.

తొందరగా రా.

పిల్లి

జూన్ 29, ఆదివారం, బస్సులోంచి

నాన్నా పిల్లీ,

నువ్వు లేచేసరికి నేను బయల్దేరిపోయాను. రేపు పొద్దున షిఫ్టుకి ఉండాలి. అది ఒక కారణం. నీ మొహం చూడ్డానికి నాకు మొహం లేకపోవడం రెండోది.

నిన్న జరిగింది కావాలని చెయ్యలేదురా. మధ్యాహ్నం ఇంట్లో వాల్వులు పెట్టి చూసినప్పుడు బాగానే ఉన్నాను కదా? కింది వాటావాళ్ళ పాప నిద్రపోతోందని నువ్వు చిన్నగా వాయించావు, అది బుద్ధిగా పలికింది. ఇంతేనా అనుకున్నాను. క్యాంటీన్లో ముందు వరసలో డిపో మేనేజరు పక్కన కూర్చోబెట్టారు. నా కుడిచేతి పక్కనే గోడ, గోడకి నీ పెట్టె ప్లగ్గు. నువ్వు గట్టిగా మీటావు. అది గుర్రుమంది. అంతే, నా చెయ్యి నన్ను అడగలేదు.

బెంచీ మీద మాకు అదే నేర్పారు. గుర్రుమన్నదా, స్విచ్ కట్. రెండు సెకన్లు దాటకూడదు. ఫ్యాక్టరీ మూసేసినట్టు నా చేతికి ఎవరూ చెప్పలేదు.

ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రెండు వందల మంది డ్రైవర్లు, కండక్టర్లు నా వైపు చూస్తున్నారు. ఆ గుమాస్తా అప్పుడే గిటార్ మెడలో వేసుకుని లేచాడు. నా ప్రాణం పోయింది. అయ్యో, పిల్లాడి చోటు నేనే పీకేశానే అనుకున్నాను.

అప్పుడెవరో అరిచారు. "పెద్దమ్మా! ప్లగ్గు పెట్టు! అది అలాగే ఉండాలి!" అని. ఎవరబ్బా అని నేను వెనక్కి తిరిగి చూశాను. నిజం. ఎవరో కండక్టరు అనుకున్నాను. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ప్లగ్గు పెట్టాక మీ మూడు పాటలూ నా రెండు చేతుల మీద నేనే కూర్చుని విన్నాను. మళ్ళీ ఏం చేస్తాయోనని. నీ చోటు పోతే చెప్పు. లిఫ్టమ్మాయి కాళ్ళు పట్టుకోవడానికి వచ్చే ఆదివారమే వస్తాను.

తప్పు చేసిన పెద్దమ్మ

జూన్ 29, ఆదివారం, సాయంత్రం

పెద్దమ్మా,

ఎవరు వెళ్ళిపొమ్మన్నారు నిన్ను? నీకోసమని రాత్రే ఓనరుకి ఇవాళ సెలవని చెప్పా. ఓనరు ఎందుకన్నాడు. "మా పెద్దమ్మ వచ్చింది" అన్నా. "ఆ ప్లగ్గావిడా!" అన్నాడు. ఆయనా క్యాంటీన్లో ఉన్నాడంట.

నేను అరిచింది లిఫ్టు మైకులోకి. అది ఆన్‌లో ఉంది. బయట బస్సుల దగ్గర కూడా వినబడిందట. ఆ అరిచిన ఊపులో మొదటి పాట మళ్ళీ మొదలెడితే కొంచెం వేగంగా అయింది. బ్రెడ్డు ఇంకా తిడుతున్నాడు.

నువ్వు చేతుల మీద కూర్చుని నేల చూస్తున్నావు కాబట్టి మిగతాది నీకు తెలీదు. గుమాస్తా గిటార్ వేసుకుని ముందుకి వచ్చాడు కదా, వెనక వరస డ్రైవర్లు "కూర్చోవయ్యా, ఆ అబ్బాయి ప్లగ్గు పెట్టమన్నాడుగా" అని కూర్చోబెట్టేశారు. రెండో పాటలో నేను గట్టిగా మీటినప్పుడల్లా కండక్టర్లు అందరూ కలిసి "ప్లగ్గు పెట్టు!" అని అరిచారు. వాళ్ళు అది పాటలో ఉందనుకున్నారు. నువ్వు కూడా బ్యాండే అనుకున్నారు.

అయిపోయాక గుమాస్తా వచ్చి నా ఆంప్ వెనక వంగి చూశాడు. "ఏ కొట్లో కొన్నావు ఈ ట్యూబులు" అన్నాడు. "అమ్మరు" అన్నా. ఇంకేం చెప్పలేదు. అంటే మాట రాక కాదు, చెప్పాలనిపించక.

లిఫ్టు నాతో ఏమందో చెప్తా. మామూలుగానే అంది మళ్ళీ. "వచ్చే నెల ఊరవతలి డిపోలో పిలిచారు, నువ్వు రావాలి" అంది. సరేనన్నా. "కానీ వాళ్ళొక షరతు పెట్టారు" అంది. గుమాస్తా గురించే అనుకున్నా.

ఆ ప్లగ్గు పీకే ఆవిడ కూడా రావాలట.

పిల్లి

జూన్ 30, సోమవారం

ఒరేయ్ గుర్రు పిల్లీ,

నాకు షరతులు పెట్టే మొనగాళ్ళా వాళ్ళు? నా షరతులు నాకూ ఉన్నాయి, రాసుకో. కుర్చీ మెత్తగా ఉండాలి. ప్లగ్గు కుడిచేతి వైపే ఉండాలి, ఎడమచేత్తో నాకు రాదు. ఎప్పుడు పీకాలో ఎవరూ నాకు సైగ చెయ్యకూడదు. నాకు ఎప్పుడనిపిస్తే అప్పుడే పీకుతాను. మిగిలిన మూడో నంబరుది కూడా తెస్తాను, దానికి జత దొరకదు కానీ చూపించుకోవచ్చు. ఇంక మీ అమ్మని కూడా తీసుకురా. ఆ పెట్టె వైపు తువ్వాలు పట్టుకుని వస్తే నేను చూసుకుంటాను.

ఇవాళ పనిలో ఒకటి జరిగింది. ఒక మూత పెట్టి ఆవిరి వదిలాను. గుర్రుమంది. నా చెయ్యి స్విచ్ మీదకి వెళ్ళింది. వెళ్ళి ఆగింది. రెండు సెకన్లు కాదు, నాలుగైదు విన్నాను. పక్కమ్మాయి కూడా విన్నది. రబ్బరు ముసలాయన తలూపాడు. కొంచెం నీలాగే ఉంది.

తర్వాత ఫెయిల్ చేశాను. కుక్కరు నీ ఆంప్ కాదు నాన్నా, అది పేలుతుంది.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, నచ్చింది.

పెద్దమ్మ
(ప్లగ్గు)